"ఇంగ్" మాటలకు తోక

పిల్లలూ, ఇంగ్లీషులో "ఇంగ్"తో ముగిసే మాటలకు బహువచనం ఉండదని కొందరు పెద్దవాళ్లు కూడా గట్టిగా నమ్ముతారు. "గోయింగ్, రన్నింగ్, రీడింగ్ – ఇవన్నీ పనులు. పనికి బహువచనమేమిటి?" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఈ నమ్మకం మూలాన మా మేనకోడలికి పెద్ద చిక్కు వచ్చింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మొదలైన పేటలు మునిగినప్పుడు వాళ్ల ఇంట్లోకి కూడా నీళ్లు వచ్చాయి. ఆ తరవాత బళ్లో ఆ సంగతే ఇంగ్లీషులో వ్యాసం రాయమన్నారు. ఆ పిల్ల మనసు పెట్టి రాసింది. చుట్టుపక్కలంతా నీళ్లేనని చెప్పడానికి "సరౌండింగ్స్" అన్నది. జనం ఎక్కి కూచున్న మేడలను "బిల్డింగ్స్" అన్నది. కొట్టుకుపోయిన సామానును "బిలాంగింగ్స్" అనీ, తడిసిన బట్టలను "క్లోదింగ్స్" అనీ, ఖర్చయిపోయిన వాళ్లమ్మ దాచుకున్న డబ్బును "సేవింగ్స్" అనీ రాసింది. దిద్దినవారు అయిదు మాటల చివరా ఉన్న "స్"ను ఎర్రసిరాతో కొట్టేసి, "ఇంగ్ మాటలకు బహువచనం లేదు" అని కింద రాశారు.

"మునిగింది మా ఇల్లు, మామయ్యా! ఆ సంగతి చెప్పడం కూడా నాకు చేతకాలేదా?" అని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నది.

నిజానికి ఆ అయిదింటిలో నాలుగు సరి అయినవే. ఒక్కటే తప్పు. అదేదో తన చేతనే చెప్పించాలని నాకు తోచింది.

"కట్టడం అంటే ఏమిటే?" అని అడిగాను.

"ఇల్లు కట్టడం."

"మరి చార్మినారు?"

"అదీ కట్టడమే."

"చార్మినారూ, గోలకొండ కోటా?"

"పాత కట్టడాలు!" అన్నది. అనేసి, తానే ఆశ్చర్యపోయింది.

చూశారా! చేసే పనీ కట్టడమే, ఆ పని పూర్తి అయ్యాక నిలిచిన వస్తువూ కట్టడమే. పనిని ఒకటి, రెండు అని లెక్కపెట్టం. వస్తువును లెక్కపెడతాం. బిల్డింగ్ సంగతి కూడా సరిగ్గా ఇంతే. మేస్త్రీ చేస్తున్నది బిల్డింగ్, అతను వెళ్లిపోయాక వీధిలో నిలిచి ఉన్నవి బిల్డింగ్స్. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావుగారు (1897–1925) కుంచె పట్టి రంగులు వేస్తున్నంత సేపూ అది పెయింటింగ్. ఆయన పేరిట అక్కడ ఉన్న చిత్రశాలలో మనం చూసేవి పెయింటింగ్స్. మీటింగ్, డ్రాయింగ్, వార్నింగ్ – ఇవన్నీ ఈ కోవలోవే.

దీనికి ఒక గుర్తున్నది. "పెయింటింగ్ ది వాల్" అంటే గోడకు రంగు వేయడం. ఇక్కడ గోడ కర్మ. కర్మ ఇలా పక్కనే అంటుకుని ఉన్నదంటే, ఆ మాటకు క్రియ వాసన ఇంకా పోలేదన్న మాట. దానికి "స్" అతకదు. "పెయింటింగ్స్ ఆఫ్ రామారావు" అన్నప్పుడు పక్కన కర్మ లేదు, మాట పూర్తిగా నామవాచకమయింది. లెక్కకు వచ్చే వస్తువు గనక తోక తగిలించవచ్చు.

ఇంకొక గుంపు మరీ వింతైనది. మన పాల సంగతే చూడండి. గరిటెడున్నా, బిందెడున్నా "పాలు ఉన్నాయి" అంటాం. "పాలు ఉంది" అంటే పాలవాడు కూడా నవ్వుతాడు. అలాగే ఇంగ్లీషులో దాచుకున్న డబ్బు పది రూపాయలే అయినా సేవింగ్స్. సంపాదన ఎర్నింగ్స్, సొంత సామాను బిలాంగింగ్స్, పరిసరాలు సరౌండింగ్స్. ఇది విని మా మేనకోడలు లోపలికి పరిగెత్తి, వాళ్లమ్మ సేవింగ్స్ బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చింది. దాని అట్ట మీద బురద మరక ఇంకా పోలేదు. "స్" మాత్రం స్పష్టంగా ఉన్నది.

"వాళ్లకు తిండికీ బట్టకూ లోటు లేదు," అంటాం గదా? ఈ బట్ట అంటే ఒక చొక్కానో, ఒక చీరో కాదు. ఒంటి మీదికి కావలసినదంతా కలిపి బట్ట.

"అయితే క్లోదింగ్ కూడా అంతేనా? దానికి లెక్క లేదా?" అన్నది ఆ పిల్ల.

లేదు. హౌసింగ్, బెడ్డింగ్ కూడా దాని బాపతే. తడిసినవి ఒకటికి మించి ఉన్నాయని చెప్పాలంటే "క్లోత్స్" అనాలి.

మర్నాడు ఆ పిల్ల వ్యాసమూ పాస్‌బుక్కూ రెండూ బడికి పట్టుకుపోయింది. దిద్దినవారు చూసి, నాలుగు మాటలకు "స్" తిరిగి పెట్టి, క్లోదింగ్‌ను అలాగే ఉంచారట. మార్కులు కలిపారో లేదో నేను అడగలేదు. పిల్ల మటుకు హుషారుగా ఉన్నది.

అప్పటినుంచీ ఆమెకు ఇవి ఏరడమే పని. వడ్రంగి చిత్రిక పడితే రాలే చుట్టలు షేవింగ్స్. ఆకురాయితో రాస్తే రాలే ఇనప రజను ఫైలింగ్స్. అయస్కాంతం దగ్గరికి ఎగబాకేవి ఇవే. రాకపోకలను కూడా ఇంగ్లీషువాళ్లు "కమింగ్స్ అండ్ గోయింగ్స్" అంటారు. అంటే పనులకు సైతం ఒక్కొక్కసారి తోక వస్తుందన్న మాట. మన ఇళ్లలో "నీ అలగడాలూ ఏడవడాలూ ఇక చాలు!" అని కోప్పడడం లేదూ?

ఇదంతా వింటున్న ఆమె తమ్ముడికి క్రికెట్టు పిచ్చి. "ఇన్నింగ్స్‌కు ఇప్పటికే తోక ఉన్నదిగా! రెండయితే ఇన్నింగ్స్‌స్ అనాలా?" అన్నాడు.

అనకూడదు. టెస్టు మ్యాచిలో ఒక్కొక్క జట్టుకు రెండేసి ఇన్నింగ్స్ ఉంటాయి. మొదటిదీ ఇన్నింగ్సే, రెండూ కలిపినా ఇన్నింగ్సే. అమెరికావాళ్ల బేస్‌బాల్‌లో మటుకు ఒకటైతే ఇన్నింగ్, మొత్తం ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్.

"అయితే అమెరికావాళ్లు తోక కోసేశారా?" అని వాడు బ్యాటు తీసుకుని వీధిలోకి పోయాడు.