లోమండ్ సరస్సు తీరమున

స్కాట్లండు దేశమున సరస్సును "లోఖ్" అందురు. బ్రిటను ద్వీపమునందలి సరస్సులలో వైశాల్యమున మిన్నయైనది లోమండ్ సరస్సు. దాని పొడవు సుమారు 36 కిలోమీటర్లు. గ్లాస్గో నగరమునకు 40 కిలోమీటర్ల దూరమున, ఆ సరస్సు పడమటి యొడ్డున, లస్ అను చిన్న గ్రామము కలదు. జూను మాసమున నొక సాయంకాలము మే మచ్చటికి పోయితిమి.

నీటివైపునకు దిగు వీధికి ఇరుప్రక్కల పొట్టి రాతియిండ్లు. గుమ్మములను అల్లుకొన్న గులాబితీగెలు. నీటి కావల 974 మీటర్ల ఎత్తుగల బెన్ లోమండ్ శిఖరము. ఆ మాసమున అచ్చట రాత్రి పదిగంటలకు గాని ప్రొద్దు గ్రుంకదు. సంధ్యాదీప మెప్పుడు పెట్టవలెనో తెలియక మాలో మేమే నవ్వుకొంటిమి.

ఆ నిశ్శబ్దమును చూచిన, ఇది భాగ్యవంతులు విహారమునకై కట్టుకొన్న యూరని తోచును. కాని యీ యిండ్లు 19వ శతాబ్దమున నూలుమిల్లులోను, పలకరాతి గనులలోను పాటుపడినవారికై కట్టబడినవి. మన పిల్లలు అక్షరములు దిద్దుకొనిన పలకరాయివంటి దానినే యిండ్లకప్పులకై కొండనుండి తవ్వెడివారు. ఇప్పుడు గనులు లేవు, మిల్లును లేదు. రాతిదుమ్ముతో ఇల్లుచేరిన మగవారి బట్టలుతికి, ఇరుకుగదులలో బిడ్డలను సాకిన యిల్లాండ్రును లేరు. బాటసారులు మెచ్చుకొను ప్రశాంతత, పని యుడిగిన యూరి మౌనము.

సరస్సు చెంత నొక క్రైస్తవాలయ మున్నది. 1873 డిసెంబరులో ఆ ప్రాంతపు భూస్వామి సర్ జేమ్స్ కహూన్ దీవిలో వేటాడి పడవపై మరలివచ్చుచు, తన సేవకులతో గూడ నీట మునిగి మరణించెను. ఆయన కుమారుడు తండ్రి జ్ఞాపకార్థము 1875లో ఈ ఆలయమును కట్టించెను. లోపల తలయెత్తి చూడగా, కొయ్యకప్పు బోర్లించిన పడవవలె నుండెను. మాకు కొంతసేపు మాట రాలేదు. ప్రభువునకు ఆలయము వెలసినది. ఆ శీతకాలపు రాత్రి, సేవకుల యిండ్లలో దీపము పెట్టుకొని యెదురుచూచినవా రెందరో!

ఆవరణమున 11వ శతాబ్దపు వైకింగుల సమాధిరాయి యొకటి కలదు. అది ఇంటికప్పు ఆకారమున చెక్కబడినది. చనిపోయినవానికిని ఒక ఇల్లుండవలెనని ఆ శిల్పి తలచెను కాబోలు.

దూరదేశములు చూచు భాగ్యము కలిగినపుడు పూవులను, కొండలను చూచి ఆనందింతము గాక. ఆ గడపలు కడిగిన చేతులనుగూడ ఒక్కమారు తలచుకొందము.