నాయన కారుకు షాకబ్జార్బర్లు



కోయంబత్తూరులో ముప్పై నలభై ఏళ్ల కింద మన వాళ్ల పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లకు మా ఆకుపచ్చ ఎంజీబీ కారు గుర్తుండే ఉంటుంది. గుడ్డ టాపు తీసేసి, పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని నాయనే నడిపేవారు. అందులో చోటు ఇద్దరికే. అందుకని పెళ్లికూతురు వెనకాల అంబాసిడర్‌లో రావాల్సిందే. ఆ సంగతి మా అత్తలు ఇప్పటికీ దెప్పుతుంటారు.

నీలగిరిలో టీ తోట దొర ఒకాయన వదిలి వెళ్లిన 1967 మోడల్ అది. నాయన 1979లో కొన్నారు. ఇప్పుడు ఆయనకు ఎనభై ఒకటి. రెండేళ్లుగా కారు షెడ్డు దాటలేదు. ఇంజను బాగానే ఉంది, నాయన నడుమే తట్టుకోవడం లేదు. చిన్న గుంటలో పడ్డా దెబ్బ నేరుగా వెన్నుకు తగిలేది. మొన్న దీపావళి నాడు భోజనాల దగ్గర, "అమ్మేయండిరా, నాకింక వద్దు" అన్నారు. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కారు పోతుందన్న బాధ కన్నా, ఆయన 'వద్దు' అన్న తీరు మాకు భయం వేసింది.

షాకబ్జార్బర్లు మార్చాలన్నది అందరికీ తెలుసు. ఏవి వేయాలన్న దగ్గరే తగాదా మొదలైంది.

ఇప్పటి కార్లలో షాకబ్జార్బర్ అంటే నిలువు గొట్టం. ఎంజీబీలో అలా ఉండదు. ఒక పోత దిమ్మె, లోపల నూనె, పిస్టన్లు, బయటికి ఒక చేయి. చక్రం లేచినప్పుడల్లా ఆ చేయి కదులుతుంది, నూనె సన్నని వాల్వులోంచి తోసుకుపోతుంది, దాంతో ఊపు చచ్చిపోతుంది. బండి బరువు మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగులాటను అదుపు చేయడం వరకే షాకబ్జార్బర్ పని. ముందు చక్రాల దగ్గర మాత్రం ఇంకో మెలిక ఉంది. అక్కడ ఆ చేయే సస్పెన్షన్‌కు పై చేయి కూడా. లోపలి బుష్షు అరిగితే నూనె కారడంతో పోదు, చక్రం నిలకడ కూడా తప్పుతుంది.

తమ్ముడు గొట్టం రకం కిట్టు తెప్పిద్దామన్నాడు. గట్టిదనాన్ని తిప్పి మార్చుకోవచ్చు, కొత్త సరుకు, నూనె కారే బాధ ఉండదు. వాడి మాట తీసిపారేసేది కాదు. చెట్టిపాళయం కారి స్పీడ్‌వేలో తిప్పే బండికైతే మేమూ అదే అనేవాళ్లం. అక్కయ్య ఒప్పుకోలేదు. "నాయనకు పేరూరు గుడి దాకా పోయి రావాలి, అంతే. రేసు ఎవరు పెట్టారు?" అంది. పైగా మేం చూసిన కిట్టు ముందువైపు పాత దిమ్మెను తీసేయదు. నూనె లేకుండా దాన్ని ఉత్త కీలుగా వాడుకుంటుంది. అంటే అరిగిన బుష్షు అలాగే ఉంటుంది, దాని మీద కొత్త గొట్టం. బాగుచేసిన దిమ్మెలు ఇంగ్లండు నుంచి తెప్పిద్దామంటే, మన పాతవి అక్కడికి పంపాలి, రెండు వైపులా రవాణా, పైన కస్టమ్స్ సుంకం.

పంపులు, మిల్లు యంత్రాలు తయారయ్యే ఊళ్లో ఉండి ఒక బుష్షు కోసం ఇంగ్లండు దాకా పోవడమా? మన వాళ్లకే చెందిన ఒక లేత్ పట్టరైకి నాలుగు దిమ్మెలూ పట్టుకెళ్లాం. అక్కడి మామ ఒకదాన్ని వైసులో బిగించి, చేయిని పైకీ కిందికీ నెమ్మదిగా ఆడించి చూశాడు. మంచిదైతే మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువు ఉండాలి. మాది సగం దూరం ఖాళీగా జారి, ఆ తర్వాత రాయిలా ఆగింది. మూత విప్పి వేలితో నూనె తీసి, "ఇది నూనెనా, బెల్లం పాకమా?" అన్నాడు.

అప్పుడు మాకు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద ఒక వర్క్‌షాపులో కారడం ఆపడానికని చిక్కటి గేరు నూనె పోశారు. కారడం తగ్గింది, మేం సంతోషించాం. అంత చిక్కటి నూనె వాల్వులోంచి త్వరగా పోలేదు కాబట్టి ప్రతి గుంట దెబ్బా నాయన వెన్నుకే చేరింది. ఆయన అడిగినప్పుడల్లా "వయసు నాయనా, వయసు" అని మేమే సర్దిచెప్పాం.

మామ ఇంకో మాట కూడా అన్నాడు: "ముందు కమాన్ పట్టీలు చూసుకోండి." చూశాం. వెనక పట్టీలు చదునైపోయాయి. ఇద్దరు కూర్చుంటే ఇరుసుకూ పైనున్న రబ్బరు దిమ్మకూ మధ్య రెండు వేళ్లు పట్టడం లేదు. గుంటలో పడగానే ఇరుసు వెళ్లి దాన్ని కొడుతోంది. ఎంత ఖరీదైన షాకబ్జార్బర్ వేసినా ఆ దెబ్బ ఆగేది కాదు. పట్టీలకు మళ్లీ వంపు తెప్పించాం.

దిమ్మెలకు గన్‌మెటల్ బుష్షులు, కొత్త ఆయిల్ సీళ్లు వేశారు. నూనెగా మోటారుసైకిల్ ఫోర్కులో పోసే 20 నంబరుదే పోశాం. బిగించే ముందు చేయిని చాలాసార్లు ఆడించి గాలంతా పోగొట్టాం. మన కుర్రాళ్లెవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఒక జాగ్రత్త: ముందువైపు దిమ్మె విప్పే ముందు స్ప్రింగు కింది పళ్లానికి జాకీ ఆనించి తీరాలి. లేకపోతే స్ప్రింగు ఎగిరి వచ్చి మనిషిని కొడుతుంది. మూత తెరిచే ముందు చుట్టూ మట్టి శుభ్రంగా తుడవండి, ఒక్క ఇసుక రేణువు పోయి వాల్వులో కూర్చుందంటే మళ్లీ మొదటికే.

ఉగాది ఉదయం నాయన నడిపారు, అక్కయ్య పక్కన కూర్చుంది. మేం స్కూటర్ల మీద వెనకాల. పేరూరు రోడ్డులో ఒక పెద్ద గుంట దగ్గర ఆయన తప్పించలేదు, కావాలనే ఎక్కించారు. కారు ఒక్కసారి వంగి లేచి నిలబడింది. గుడి దగ్గర దిగి నడుం మీద చేయి పెట్టుకోకుండానే నడిచారు. "ఇంతకాలం నా నడుమని కదరా చెప్పారు" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ముందువైపు ఎడమది ఇంకా కొంచెం చెమ్మగిల్లుతోంది. వచ్చే ఆదివారం మళ్లీ విప్పుతున్నాం. ఎవరింట్లోనైనా ఇలాంటి పాత దిమ్మెలు మూల పడి ఉంటే, ఎంత అరిగినవైనా సరే, పాత ఇనుముకు వేయకుండా మాకు ఒక మాట చెప్పండి.