హెడ్‌ఫోన్ల స్వచ్ఛత – చెవుల భద్రత



పదవీ విరమణ తరువాత నాకు మిగిలిన వ్యసనం సంగీత శ్రవణం ఒక్కటే. ఇంట్లో ఇతరులకు ఇబ్బంది కలుగకుండా హెడ్‌ఫోన్లలో వింటుంటాను. నా బల్ల మీద రెండు జతలున్నాయి. ఒకటి సెన్‌హైజర్ హెచ్‌డి 600. ఇది డైనమిక్ అనే సాధారణ రకం. రెండవది హైఫైమ్యాన్ సుందర; ఇది ప్లానార్ మాగ్నెటిక్ రకం. ఈ రెండవ రకం గురించి మిత్రులు తరచుగా అడుగుతున్నారు కనుక, విన్నదీ తెలిసినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట నిర్మాణం. సాధారణ హెడ్‌ఫోన్‌లో ఒక చిన్న పొర, దానికి అతికించిన తీగచుట్ట ఉంటాయి. చుట్టలో విద్యుత్తు ప్రవహించగానే అయస్కాంతం దానిని ముందుకూ వెనుకకూ కదిలిస్తుంది. బలమంతా ఆ చుట్ట ఉన్న వలయం వద్దనే పడుతుంది. మిగిలిన పొర దాని వెంట కదలాలి. ప్లానార్ రకంలో చుట్ట ఉండదు. అతి పలుచని పొర మీదనే విద్యుత్తు ప్రవహించే సన్నని గీతలు పరచి, దాని ఎదుట అయస్కాంతపు పట్టీలను అమరుస్తారు. అందువల్ల బలం పొర అంతటా దాదాపు సమానంగా పడుతుంది. దుప్పటిని ఒకే చోట కర్రతో పొడిచి ఎత్తడానికీ, పదిమంది అరచేతులు ఆనించి ఎత్తడానికీ ఎంత తేడా ఉందో, ఈ రెండింటికీ అంత తేడా ఉంది. ఇది నేటి విద్య కాదు. జపాన్‌కు చెందిన యమహా సంస్థ 1976లోనే హెచ్‌పి-1 పేరుతో ఇటువంటి హెడ్‌ఫోన్‌ను విడుదల చేసింది.

ఇక నేను విన్నది. ఈమని శంకరశాస్త్రి గారి వీణలో మంద్రస్థాయి తీగ మీటినప్పుడు, ఆ నాదం క్రమంగా సన్నగిల్లి నిశ్శబ్దంలో కలిసే తీరు ప్లానార్‌లో మరింత విశదంగా వినిపిస్తుంది. మృదంగం ఎడమ ముఖం పలికే గంభీర శబ్దం ఉబ్బిపోకుండా, లోతుగా వినవస్తుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గాత్రం మాత్రం నాకు డైనమిక్ జతలోనే ఎక్కువ సహజంగా తోస్తుంది. ఘంటసాల గారి పాత సినిమా పాటల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించదు. ఆనాటి రికార్డింగులో లేని లోతును ఏ యంత్రమూ సృష్టించలేదు.

పోల్చి చూసేవారు రెండు విషయాలు గమనించాలి. ఒకే ఆంప్లిఫయర్‌కు తగిలించి, గుండీని ఒకే చోట ఉంచినా రెండు జతలూ సమానంగా మోగవు. కొంచెం బిగ్గరగా మోగినదే మన చెవికి మేలైనదిగా తోస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ మంద్ర ధ్వనులు చెవికి మరింత నిండుగా వినిపించడం ఇందుకు ఒక కారణం. కనుక ముందు రెండింటి బిగ్గరతనాన్ని సమం చేసి, ఆ తరువాతనే తీర్పు చెప్పాలి. రెండవది వయస్సు. నా ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్జ్ దాటిన తరువాత గీత క్రమంగా క్రిందికి జారుతుంది. డెబ్బై దాటినవారిలో ఇది సర్వసాధారణం. "మాట వినబడుతోంది డాక్టరుగారూ, అర్థం కావడం లేదు" అని పెద్దవారు చెప్పుకునే బాధకు మూలం ఇదే. స, శ వంటి హల్లుల స్పష్టత ఆ పై స్థాయి ధ్వనులలోనే ఉంటుంది. పాతికేళ్ల యువకుడు మెచ్చుకునే తాళపు మెరుపు కోసం నా వయస్సువారు వేలు వెచ్చించడం వృథా.

ఇంతకంటె ముఖ్యమైన విషయం మా మనుమని వల్ల నా దృష్టికి వచ్చింది. అతడు ఇంటి నుండే ఉద్యోగం చేస్తూ రోజుకు మూడు గంటలు పాటలు వింటాడు. పూర్వం చవక ఇయర్‌ఫోన్లు వాడేవాడు. ఒక మోతాదు దాటితే వాటిలో శబ్దం పగిలేది. చిరాకుపడి తానే తగ్గించుకునేవాడు. తరువాత ప్లానార్ జత కొనుక్కున్నాడు. కొన్ని నెలలకు, రాత్రి పడుకున్నప్పుడు చెవిలో హోరు వినిపిస్తోందని మాటల మధ్య అన్నాడు. అతడు మామూలుగా వినే స్థాయిలో పాట పెట్టించి, శబ్దమాపకాన్ని అట్టముక్క రంధ్రంలో బిగించి హెడ్‌ఫోన్ గిన్నెకు ఆనించి కొలిచాను. పాత ఇయర్‌ఫోన్లలో సుమారు 83 డెసిబెళ్లు, ప్లానార్‌లో 89 వచ్చింది. "ఇదేమీ బిగ్గరగా లేదు తాతయ్యా, హాయిగానే ఉంది" అన్నాడు.

ఆ హాయిలోనే ప్రమాదం ఉంది. మంచి ప్లానార్ హెడ్‌ఫోన్లలో ధ్వని వక్రీకరణ చాలా తక్కువ. శబ్దం పగలదు, కీచుమనదు. "ఇక చాలు" అని చెప్పే హెచ్చరిక అందదు. కానీ లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారపు భాగంలో ఉండే సుమారు 15 వేల కేశకణాలకు స్వచ్ఛమైన శబ్దమని కనికరం ఉండదు. వాటిపై పడేది శక్తి. దెబ్బతిని చనిపోయిన కేశకణం మనుషులలో మళ్లీ మొలవదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 83 వద్ద 20 గంటలు. 86 వద్ద 10. 89 వద్ద 5 మాత్రమే. మా మనుమడు వారానికి 21 గంటలు వింటున్నాడు. పాత లెక్కలో అంచున ఉన్నవాడు, కొత్త లెక్కలో వారం సరుకును రెండు రోజులలోపే ఖర్చు చేస్తున్నాడన్నమాట. ఆడియోమెట్రీ చేయించాను. వినికిడి ఇంకా సాధారణ పరిధిలోనే ఉన్నా, 4000 హెర్ట్జ్ వద్ద చిన్న నొక్కు కనిపించింది. అధిక శబ్దం మొదట గాయపరిచేది ఆ ప్రాంతాన్నే. అతడు గుండీ తగ్గించాడు; హోరు చాలావరకు తగ్గింది. నొక్కు నిలిచేదీ లేనిదీ ఆరు నెలల తరువాతి పరీక్ష చెప్పాలి.

కొనదలచినవారికి నా సూచనలు ఇవి. నిశ్శబ్దపు గదిలో, వినడానికి సరిపోయే అతి తక్కువ స్థాయిని ఎంచుకుని, గుండీ మీద అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. ఎంత హాయిగా ఉన్నా ఆ గుర్తు దాటకండి. అధిక శాతం ప్లానార్ హెడ్‌ఫోన్లు వెనుక తెరచి ఉంటాయి. ఫ్యాను మోత, వీధి రొద లోపలికి వస్తాయి. ఆ రొదను మించాలని శబ్దం పెంచవద్దు. బస్సుల్లో, రైళ్లలో ఇవి పనికిరావు. బరువూ చూసుకోండి. నా డైనమిక్ జత 260 గ్రాములు, ప్లానార్ జత 372. అర కిలో దాటినవీ ఉన్నాయి. మెడ ఎముకల అరుగుదల ఉన్నవారు కొనేముందు అరగంట ధరించి చూడాలి. గంటకొకసారి చెవులకు పది నిమిషాల విశ్రాంతి ఇవ్వండి. చెవిలో హోరు ఒక రోజు దాటి ఉన్నా, వినికిడి హఠాత్తుగా తగ్గినా, ఆలస్యం చేయక చెవి ముక్కు గొంతు వైద్యుని కలవండి.

రెండింటిలో ఏది మేలని మళ్లీ అడిగితే, వీణకు ప్లానార్, గాత్రానికి డైనమిక్ అంటాను. నచ్చని హెడ్‌ఫోన్‌ను మార్చుకోవచ్చు. చెవికి మాత్రం ఆ సదుపాయం లేదు.