రెండు వత్తులు

నారాయణఖేడ్‌లో బండి మీద ఏదైనా అంటించాలంటే ఎవరూ స్టిక్కర్ షాపు ఎక్కడని అడగరు. రేడియం షాపు ఎక్కడని అడుగుతారు. 1898లో క్యూరీ దంపతులు కనిపెట్టిన రేడియం అందులో రవ్వంత కూడా ఉండదు. ఒకప్పుడు గడియారం ముళ్లు చీకట్లో మెరవడానికి రేడియం రంగు పూసేవాళ్లట, అప్పటి నుంచి మెరిసేదల్లా మనకు రేడియమే అయిపోయినట్టుంది. నిజానికి అది వెనక జిగురు పూసిన పీవీసీ షీటు, అంతే.

మొన్న మే నెలలో సిర్గాపూర్‌లో మా ఇంటి ముందు నేనూ బాపూ కలిసి ఆ షీటు మా కారుకు అంటించాం. కారు కొత్తదేం కాదు. నంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 23 అనే ఉంది, అంటే తెలంగాణ రాకముందు మెదక్ జిల్లాలో రిజిస్టర్ అయిన బండి. అయినా బాపుకు అది సొంతం. పద్నాలుగేళ్లు వేరేవాళ్ల కార్లు నడిపిన మనిషి. ముందు కట్టాల్సిన డబ్బులు తక్కువ పడితే, నెలకు 2,016 రూపాయలు వచ్చే ఆసరా పెన్షన్‌లోంచి దాచుకున్నదంతా నానమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అందుకే బాపు అడిగింది ఒక్కటే. "ఎన్క అద్దం మీద అవ్వ పేరు ఎయ్యాలె. తెలుగుల."

నాకేమో బానెట్ నుంచి డిక్కీ దాకా రెండు నల్ల చారలు కావాలి. వీడియోల్లో చూసి చూసి పిచ్చెక్కింది. సరే, రెండూ వేద్దామనుకున్నాం.

పేరు దగ్గరే మొదటి గొడవ. ఆధార్‌లో లక్ష్మమ్మ అని ఉంది, అదే రాయిస్తానన్నాను. "కార్డుల ఎవలో గట్ల రాసిన్రు. ఊర్ల ఎవలన్న గట్ల పిలుస్తరా? లచ్చవ్వ అని రాపియ్యి." నాకు కొంచెం నామోషీ అనిపించింది, కాలేజీ ఫ్రెండ్స్ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని. (ఆ ఫ్రెండ్సే ఇప్పుడిది చదువుతున్నారు.)

ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి, వచ్చిన తెలుగు పేరును షాపుకు వాట్సాప్ చేశాను. షాపు అన్న కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పి "ఓకేనా తమ్మీ?" అన్నాడు. "ఓకే అన్నా" అన్నాను.

ఎండాకాలం మా దగ్గర పది దాటితే కారు రేకు మీద చెయ్యి పెట్టలేం. రేకు వేడిగా ఉంటే జిగురు తాకగానే పట్టేస్తుంది, మళ్లీ లేపి సర్దలేం. అందుకని పొద్దున ఆరింటికే మొదలుపెట్టాం. షాంపూతో కడిగి, ఆరాక స్పిరిట్ గుడ్డతో తుడిచాం. బానెట్ అంచున పూజప్పటి పసుపు కుంకుమ ఇంకా ఉన్నాయి. అవి తుడవడానికి బాపు ఒప్పుకోలేదు, చారనే రెండంగుళాలు పక్కకు జరిపాం.

మొదటి చార పొడిగానే అంటించాను. రెండడుగులు పోయేసరికి పొక్కులు పొక్కులు. రెండోదానికి బుద్ధొచ్చి, స్ప్రే బాటిల్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి రేకు మీద కొట్టాం. ఆ తడి మీద షీటు జారుతుంది కాబట్టి నిదానంగా సరిచేసుకోవచ్చు. తర్వాత పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి, మధ్య నుంచి అంచులకు నీళ్లు నెట్టుకుంటూ పోవాలి. వంపుల దగ్గర హెయిర్ డ్రయర్ పెట్టాం కానీ లాగలేదు. చవక షీటును సాగదీసి అంటిస్తే తర్వాత వెనక్కి ముడుచుకుంటుంది. మొదటి చార పొక్కుల్ని సూదితో పొడిచి నొక్కాం. దగ్గరికొస్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

చివరికి పేరు. అద్దానికి నొక్కి, పైనున్న టేపు మెల్లగా లాగితే అక్షరాలు నిలబడ్డాయి. నాలుగడుగులు వెనక్కి పోయి ఫోటో తీశాను. పక్కింటి పాప, సర్కారు బడిలో ఐదో తరగతి, కూడబలుక్కుంటూ చదివింది. "లచ్... చవ్... వ. గిదేంది అన్నా?"

అప్పుడు చూశాను. లచ్‌చవ్‌వ. వత్తులు రెండూ కిందికి దిగకుండా పక్కన కూర్చున్నాయి. షాపులో చూశాను, ఇంట్లో చూశాను, ఫోటో కూడా తీశాను. నా కంటికి ఏ తేడా అనిపించలేదు.

బాపు నేల చూస్తున్నాడు. "పొద్దుగాలనే సూశ్న. కంప్యూటర్ సదువుతున్నవు గదా, గిప్పుడు గిట్లనే రాస్తరేమో అనుకున్న."

ఆయన ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగులో. ఏం చెప్పాలో తెలీక లోపలికి పోయి లాప్‌టాప్ తీశాను. కారణం మన సబ్జెక్టే. యూనికోడ్‌లో లచ్చవ్వ అంటే ఏడు కోడ్లు: ల, చ, పొల్లు, చ, వ, పొల్లు, వ. పొల్లు తర్వాత వచ్చే చ ను వత్తుగా మార్చే పని ఆ సాఫ్ట్‌వేర్‌ది. చాలా పాత కటింగ్ సాఫ్ట్‌వేర్‌లకు ఆ పని రాదు. యూనికోడ్‌లో తెలుగు 1991 మొదటి వెర్షన్ నుంచీ ఉంది మరి! ఇంక్‌స్కేప్‌లో రామభద్ర ఫాంట్‌తో పేరు కొట్టి, అక్షరాల్ని గీతలుగా మార్చి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట్ల యూనియన్ చేశాను. లేకపోతే బ్లేడు రెండు గీతల్నీ కోసేస్తుంది. ఈసారి టెక్స్ట్ కాదు, బొమ్మే పంపాను.

పాత పేరు తీసింది బాపు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దన్నప్పుడు ఆయన హైదరాబాద్‌లో డ్రైవర్. ఓనర్ కారు ఫిల్మ్ అంతా తనే పీకాడట. ఎండలో కాసేపు కాగనిచ్చి, మూల లేపి, అద్దానికి ఆనించినట్టే వెనక్కి లాగాడు. ఒక్క అక్షరం కూడా చిరగలేదు. మిగిలిన జిగురును పెట్రోల్ గుడ్డతో రుద్దాడు.

సాయంత్రం షాపులో గిరాకీ ఎక్కువుండి, కోసిన షీటు అలాగే చేతిలో పెట్టారు. అక్షరాల మధ్య చెత్త మేమే తీసుకోవాలి. ఇంగ్లిష్ అయితే ఓ, ఏ లాంటి వాటికే లోపల తీసే ముక్క ఉంటుంది. తెలుగుకు ఎక్కడ చూసినా గుండ్రాలే. నానమ్మ నా చేతిలో సూది లాక్కుని కూర్చుంది.

"గిదేందిరా?"

"నీ పేరు నానమ్మా."

పెన్షన్‌కు వేలిముద్ర వేసే మనిషి, షీటును దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. "గిన్ని వంకరలున్నయా నా పేరుల?" అని మళ్లీ పనిలో పడింది. ఆ ఊపులో, విడిగా ఉంది కదా చెత్తే అనుకుని, వ వత్తును కూడా పీకి పారేసింది. టార్చ్ వేసి వాకిలంతా వెతికితే ఆమె చీర కొంగుకే అంటుకుని దొరికింది. అప్పటికే దుమ్ము పట్టింది, కొంచెం వంకరగా అతుక్కుంది.

పాత జిగురు గీతలు పూర్తిగా పోలేదు. పొద్దున ఎండ ఏటవాలుగా పడితే లచ్చవ్వ వెనక లచ్‌చవ్‌వ మసకగా కనిపిస్తుంది. పోయిన వారం బీదర్ కిరాయికి పోతూ బాపు దాన్ని గుడ్డతో ఇంకోసారి రుద్దాడు.