గీత వెలుపలి కేకలు

సూరతుకు దక్షిణమున, నవసారి మార్గముననున్న మా ఉన్‌లో, మరమగ్గముల పని ముగించుకొని వచ్చిన తండ్రులు మైదానపు గీతవెంట నిలిచి, తొమ్మిదేండ్ల బిడ్డ పాదమునకు బంతి తగిలీ తగులక మునుపే ‘మార్, మార్!’ అని యెలుగెత్తుట విన్నప్పుడెల్ల నాకు హైదరాబాదువారైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు స్మృతికి వత్తురు. వృత్తిరీత్యా బడిపంతులై, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత ఫుట్‌బాల్ జట్టును నాల్గవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకును నడిపించిన ఆ మహాశిక్షకులు, బాలురకు బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టిరి. పొరపడనిదే విద్య యబ్బదని యెరిగిన గురువునకు గాని అట్టి యూహ తట్టదు.

లోపల కోచ్ ‘పాస్’ అనగా, వెలుపల తండ్రి ‘గోల్’ అనగా, ఆ పసివాడు బంతిని విడిచి తండ్రి మొగము చూచును. పదేండ్లలోపు పిల్లల కప్పు గెలువవలెనని పొడగరులనే ఆడించి, చిన్నవారిని గట్టున కూర్చుండబెట్టు కోచ్ చేయు అపకారము ఇంతకన్న ఘోరమని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన, ఆ వయస్సున పొడవు ముందుగా వచ్చిన యెదుగుదలయే గాని నైపుణ్యము కాదు. జట్టుకు ఐదుగురు చొప్పున చిన్న మైదానములో ఆడించినచో ప్రతి బిడ్డకును బంతి దొరకును.

తలిదండ్రులారా, చప్పట్లు కొట్టుడు, ఎంతయైనను కొట్టుడు. ఆజ్ఞలు మాత్రము కోచ్‌కు విడువుడు.