గీతలు పడే చోటు

మా అమ్మాయి గిటార్ ఒళ్లో పెట్టుకున్నప్పుడల్లా చొక్కా చేతికి ఏదో పట్టుకుంటోందని అనేది. చూస్తే పిక్‌గార్డ్ అంచు. సౌండ్ హోల్ పక్కన, మామిడిపిందె ఆకారంలో నల్లగా అంటుకుని ఉండే పలుచని రేకు అది. ఏళ్ల తరబడి పట్టి ఉంచిన జిగురు ఎండిపోయి, కింది కొస ఎండుటాకులా పైకి తిరిగింది. వేలితో నొక్కితే కాసేపు అణిగేది, మళ్లీ లేచేది.

ఆ గిటార్ మా అన్నయ్యది. 1994లో కాకినాడలో కొన్నాడు. కోల్‌కతాలో తయారైన మామూలు గిటార్, ప్లైవుడ్ టాప్. 1999లో అమెరికా వెళ్తూ ఇంట్లోనే వదిలి వెళ్లాడు. తర్వాత నాతోపాటు హైదరాబాద్ చేరింది, ఇప్పుడు మా అమ్మాయి చేతికి వచ్చింది. "దీన్ని తీసేసి మనకి నచ్చింది పెట్టుకుందాం అమ్మా" అంది. అంతకుముందు ఆ రేకు గురించి నేను ఒక్కరోజూ ఆలోచించలేదు. ఆ తర్వాత నెలరోజులు ఇంకోదాని గురించి ఆలోచించలేదు.

దాని పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. మంచి గిటార్లకు పై పలకని, అంటే టాప్‌ని, ఎక్కువగా స్ప్రూస్ కలపతో చేస్తారు. మందం రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. మృదంగానికి మూత ఎలాగో గిటార్‌కి ఆ పలక అలాగ, అది కదిలితేనే నాదం. బాగా కదలాలంటే తేలిగ్గా ఉండాలి. అంత తేలికైన కలప మెత్తగానూ ఉంటుంది, గోరు గట్టిగా గుచ్చితే గుంట పడుతుంది. పిక్‌ అనే చిన్న బిళ్ల పట్టుకుని పైనుంచి కిందికి కొట్టే చేయి తీగల దగ్గరే ఆగదు, ఆ ఊపులో టాప్‌ని కూడా గీసుకుంటూ పోతుంది. ఆ గీతలు తను తినడానికే పిక్‌గార్డ్ అక్కడ కూర్చుంటుంది.

అది లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్‌ని చూడాలి. మార్టిన్ కంపెనీ ఎన్-20, నైలాన్ తీగలది, 1969 నుంచి ఆయన దగ్గరే ఉంది. రాయ్ రోజర్స్ అనే సినిమా కౌబాయ్ గుర్రం పేరు మీద దానికి ట్రిగ్గర్ అని పేరు పెట్టుకున్నాడు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌ని వేళ్లతో మీటాలి, వీణలాగే. అందుకే దానికి పిక్‌గార్డ్ పెట్టరు. ఆయన మాత్రం పిక్‌తోనే వాయించాడు. ఏళ్లు గడిచేసరికి సౌండ్ హోల్‌కీ తీగలు బిగించే బ్రిడ్జ్‌కీ మధ్య కలప అరిగి అరిగి ఇంకో రంధ్రం పడింది. స్పెయిన్‌లో ఫ్లమెంకో వాయించేవాళ్లవీ నైలాన్ తీగలే. కానీ వాళ్లు పాట మధ్యలో వేళ్లతో టాప్ మీద దరువు వేస్తారు కాబట్టి అక్కడ గోల్పెయాడోర్ అనే పలుచని పలక అతికిస్తారు, ఎక్కువగా కలప కనిపించేలా పారదర్శకంగా ఉంటుంది. దెబ్బ ఎక్కడ పడుతుందో వాయించే పద్ధతి చెబుతుంది, రేకు అక్కడికి వెళ్తుంది.

దెబ్బ తగిలే చోటే అలంకారం పెట్టడం మనకి కొత్త కాదు. ఇంట్లో అందరి కాళ్లూ పడేది గడప మీద, పసుపు రాసి బొట్లు పెట్టేది దానికే. తొక్కుకుంటూ పోతారని తెలిసే రోజూ తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తారు. పట్టుచీర కొన్నాక అమ్మ మొదట చేసే పని ఫాల్ కుట్టించడం. నేల మీద రాసుకునేది ఫాల్, చీర అంచు కాదు. అరిగాక విప్పేసి కొత్తది కుట్టిస్తుంది. పిక్‌గార్డ్ నాకు ఈ కుటుంబంలోదే అనిపించింది. గిటార్‌లో మనం భయం లేకుండా మార్చుకోగల భాగం ఇదొక్కటే అని కూడా అనిపించింది. బ్రిడ్జ్ జరిపితే స్వరం చెడుతుంది, టాప్‌కి రంగు దట్టంగా పూస్తే నాదం మూగబోతుంది. ఈ అరచేయంత చోటు మాత్రం మనిషి ఇష్టానికి వదిలిపెట్టినది.

ముందు పాతది తీయాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో అయితే స్క్రూలు విప్పితే ఊడివస్తుంది, అకూస్టిక్‌లో అంతా జిగురే. తీగలు వదులు చేసి, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చ చేస్తూ, పాత ఏటీఎం కార్డు అంచుని కిందికి తోశాను. వేడి ఒకేచోట నిలపకూడదు, పైనున్న పాలిష్ బుడగలు కట్టి లేస్తుంది. కలప చార ఎటు పోతుందో కార్డూ అటే పోవాలి, అడ్డంగా తోస్తే పేళ్లు లేస్తాయి. ముప్పావుగంట పట్టింది. మిగిలిన జిగురుని లైటర్లలో పోసే ద్రవంతో గుడ్డ తడిపి తుడిచాను, అదీ ముందు కనిపించని మూల రాసి చూసుకుని. గోళ్లరంగు తుడిచే అసిటోన్ జోలికి మాత్రం పోకూడదు, చాలా గిటార్ల పాలిష్‌ని అది కరిగించేస్తుంది.

రేకు ఊడివచ్చాక ఇద్దరం ఒక్క నిమిషం మాట్లాడలేదు. గిటార్ అంతా ఏళ్ల వెలుగు తాగి తేనెరంగుకి తిరిగింది. దాని మధ్యలో, మామిడిపిందె మేర, కలప తెల్లగా, అప్పుడే ఒలిచిన బాదంపప్పులా ఉంది. 1994లో దుకాణంలో గోడకు వేలాడినప్పుడు గిటార్ మొత్తం ఆ రంగులోనే ఉండి ఉంటుంది. నేను మర్చిపోయాను.

ఊడిన రేకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టి చూస్తే గీతలు కనిపించాయి. అన్నీ ఒకేవైపు, చంద్రవంకల్లా, కొన్ని మరీ లోతుగా. అవి ఎలా పడ్డాయో నాకు తెలుసు. మా ఊళ్లో అప్పట్లో పిక్‌లు దొరకడం కష్టం. అన్నయ్య సబ్బుపెట్టె మూతని కత్తెరతో త్రికోణంగా కత్తిరించి వాయించేవాడు. ఆ కరుకు అంచుల కోతే ఇది.

కొత్తది చేయాలంటే పాతదే కొలత. తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ గీసుకున్నాం. పాతదానికంటే చిన్నది చేస్తే లోపలి తెలుపు బయటపడుతుంది, అందుకని కనీసం అంతే ఉండాలి. మరీ పెద్దదీ మందమైనదీ పెట్టకూడదు, టాప్ కదలికని అది బిగపడుతుంది. గిబ్సన్ కంపెనీ 1962లో ఎవర్లీ బ్రదర్స్ అనే గాయక సోదరుల కోసం చేసిన గిటార్‌కి సౌండ్ హోల్‌కి రెండు పక్కలా పెద్ద పలకలుంటాయి. చూడ్డానికి మహా ఠీవి. నాదం కాస్త అణిగి ఉంటుంది.

రెడీమేడ్‌గా దొరికేవాటిలో ఎక్కువ తాబేటిడిప్ప రంగువి, గోధుమ మీద నల్లటి, ఎర్రటి మచ్చలతో. ఆ రంగు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలుది. దువ్వెనలకీ కళ్లజోళ్ల ఫ్రేములకీ పిక్‌లకీ దాని డిప్ప కోసం శతాబ్దాల పాటు వాటిని చంపారు. ఆ డిప్ప అంతర్జాతీయ వ్యాపారాన్ని 1970ల్లో నిషేధించారు, మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం దాన్ని కాపాడుతోంది. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేరే జాతి, వాటి డిప్పకి ఆ మచ్చలుండవు. గిటార్ల మీద మనం చూసేదంతా దాదాపు నకలే. 1870 ప్రాంతంలో జాన్ వెస్లీ హయట్ బిలియర్డ్స్ బంతులకి ఏనుగుదంతం బదులు వెతుకుతూ తయారుచేసిన సెల్యులాయిడ్‌తో ఆ నకలు వీలైంది. ఏనుగు కోసం పుట్టిన పదార్థం తాబేలుకీ కాస్త ఊపిరినిచ్చింది, అది నాకు నచ్చింది.

అయితే సెల్యులాయిడ్‌కి ఒక గుణం ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ ముడుచుకుంటుంది. మార్టిన్ కంపెనీ కొన్ని దశాబ్దాల పాటు పాలిష్ వేయకముందే పిక్‌గార్డ్‌ని పచ్చి కలపకి నేరుగా అతికించేది. రేకు ముడుచుకుంటూ కలపని తనతో లాక్కునేది, జిగురు వదిలేది కాదు. చివరికి పలుచని స్ప్రూస్ నిలువునా చీలేది. పాత మార్టిన్లలో ఆ పగులు ఎంత మామూలంటే దాన్ని పిక్‌గార్డ్ క్రాక్ అనే పేరుతోనే పిలుస్తారు. తర్వాత పాలిష్ మీద అతికించడం మొదలుపెట్టారు. మా గిటార్ రేకు ముడుచుకోగానే కొస లేపి తప్పుకుంది, దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

తాబేటిడిప్ప మా అమ్మాయికి వద్దు. ఆమెకి గిబ్సన్ హమ్మింగ్‌బర్డ్ లాంటిది కావాలి. 1960లో వచ్చిన ఆ గిటార్ పేరుకి కారణం దాని పిక్‌గార్డే. పూల మధ్య తేనె తాగుతున్న చిన్న పిట్ట బొమ్మ చెక్కి రంగులు వేసి ఉంటుంది. రెండేళ్ల తర్వాత పావురం బొమ్మతో డవ్ అనే ఇంకో గిటార్ వచ్చింది. "హమ్మింగ్‌బర్డ్స్ మన దేశంలో ఉండవు కదమ్మా, అవి అమెరికా ఖండాల్లోనే" అని తనే అంది. మర్నాటికి పాలపిట్ట బొమ్మ వేసి తెచ్చింది. దసరానాడు కనిపిస్తే మంచిదని ఊరి బయటికి వెళ్లి వెతికే పిట్ట. కూర్చున్నప్పుడు మట్టిరంగులో దిగులుగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం మీద నీలం. అందుకే ఎగురుతున్నట్టు వేసింది.

బొమ్మ వేయడం ఒక ఎత్తు, గీతల కింద దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. పైన రంగు వేస్తే పిక్ తగిలి పోతుంది. పాత హమ్మింగ్‌బర్డ్‌ల మీద రంగులు వెలిసి, చెక్కిన గాడి మాత్రం మిగిలినవి ఫొటోల్లో చూశాం. కాబట్టి అర మిల్లీమీటరు మందం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తెచ్చి వెనకవైపు వేయాలనుకున్నాం, గాజుపటాలకి వేసినట్టు. అప్పుడు గీతలు ప్లాస్టిక్ తింటుంది, బొమ్మ కింద భద్రంగా ఉంటుంది.

ఇలా వేయడంలో అంతా తలకిందులు. మామూలుగా ముందు ఆకాశం, తర్వాత ఒళ్లు, ఆఖర్న కన్ను. దేవాలయాల్లో విగ్రహానికి కళ్లు తెరిపించేది అన్నీ అయ్యాకే. ఇక్కడ మొట్టమొదట కన్ను పెట్టాలి, ఎందుకంటే ముందు వేసిందే పైకి కనిపిస్తుంది. ఏమీ లేని ప్లాస్టిక్ మీద నల్లటి చుక్క ఒకటి. తర్వాత ముక్కు, ఈకల గీతలు, వాటి వెనక ముదురు నీలం, దాని వెనక లేత నీలం, అన్నిటికీ వెనక పసుపు. తప్పు జరిగితే మీద ఇంకో రంగు వేసి దిద్దుకోవడం కుదరదు. మొదటిసారి మా అమ్మాయి అంతా చక్కగా వేసింది కానీ కుడి ఎడమవుతుందన్న సంగతి మర్చిపోయాం. తిప్పి చూస్తే పిట్ట బ్రిడ్జ్ వైపు ఎగురుతోంది. తీగల మీదుగా మెడవైపు, పైకి పోవాలని ఆమె కోరిక. ఏడ్వలేదు. కాగితాన్ని బోర్లించి, కిటికీ అద్దానికి ఆనించి గీత మళ్లీ దించుకుంది. రెండోదానికి వారం పట్టింది.

రంగు ఆరడానికి అయిదు రోజులు వదిలేశాం. అంచుని నాలుగువందల నంబరు ఎమరీ కాగితంతో, తర్వాత ఎనిమిదివందలతో ఏటవాలుగా అరగదీశాం, చొక్కా చేతికి పట్టుకోకుండా. వెనక రెండువైపులా అంటుకునే ఫిల్మ్ వేశాం. అతికించేటప్పుడు గిటార్ మీద సబ్బునీళ్లు చిలకరించమని రిపేరు పనులు చేసే పెద్దాయన చెప్పాడు. తడి ఉన్నంతసేపూ రేకు జారుతుంది, సౌండ్ హోల్ చుట్టూ ఉన్న వలయానికి సరిగ్గా ఆనేదాకా జరుపుకోవచ్చు. కుదిరాక మధ్యనుంచి అంచులకి కార్డుతో నీళ్లూ గాలీ నెట్టేయాలి. ఆ పని అమ్మాయే చేసింది, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని. ఒక రోజంతా ముట్టుకోకుండా మంచం మీద పడుకోబెట్టాం.

మర్నాడు వెలుగులో చూస్తే అరగదీయడం ఒకవైపు ఎక్కువైనట్టు తెలిసింది. కింది వంపు దగ్గర కొత్త రేకుకీ తేనెరంగు టాప్‌కీ మధ్య పాత తెలుపు సన్నగా, గోరంచు మందాన బయటపడింది. మళ్లీ చేద్దామా అని అడిగింది. వద్దన్నాను.

అన్నయ్యకి ఫొటో పంపాం. పాలపిట్టని చూసి మురిసిపోయాడు, మేనకోడలి చేతికి బంగారు గాజులు చేయిస్తానన్నాడు. కాసేపటికి ఫొటోని పెద్దది చేసి, వేలెడు ముక్క కత్తిరించి తిరిగి పంపాడు.

"ఈ తెల్ల గీత ఏంటే?"

"నువ్వు కొన్న రోజు దాని రంగు అది" అని రాశాను.

చాలాసేపు జవాబు రాలేదు. అక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్రపోయాడనుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే మెసేజ్ ఉంది. పాత రేకు పారేయొద్దట, డిసెంబర్‌లో వచ్చినప్పుడు తీసుకెళ్తాడట.