కాంకర్డ్‌లో నూరు డాలర్ల ఎమ్మెల్యే

బోస్టన్‌లో నాలుగు రోజులు మ్యూజియాలకీ ట్రాఫిక్‌కీ సరిపోయాయి. నాషువాలో మావాడింట్లో వారం పాటు పప్పుచారు తిని పడుకున్నాను. రాయాలనిపించింది మాత్రం కాంకర్డ్‌లో గడిపిన ఒక్క బుధవారం గురించే.

న్యూహాంప్‌షైర్ రాజధాని అది. శాసనసభ భవనం బంగారు గుమ్మటం చూసి, ఎవరైనా ఆపుతారేమోనని పాస్‌పోర్టు చేత్తోనే పట్టుకుని వెళ్లాను. అసెంబ్లీ నడిచే రోజుల్లో హైదరాబాదులో ఆ రోడ్డున నడవడమే గగనం కదా! ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. మెట్లెక్కి గ్యాలరీలో కూర్చున్నాను.

కింద బల్లలు లేవు, సినిమా హాల్లోలా కుర్చీల వరసలే. ప్రతినిధుల సభ ఇది, సభ్యులు 400 మంది! రాష్ట్ర జనాభా చూస్తే 14 లక్షలు. మన లెక్కలో ఓ మోస్తరు ఊరికో ఎమ్మెల్యే అన్నమాట. సెనేట్‌లో మాత్రం 24 మందే. 1819లో కట్టిన భవనంలో, అప్పటి గదుల్లోనే, రెండు సభలూ ఇప్పటికీ కూర్చుంటున్నాయి. మూడో వరసలో ఒక పెద్దావిడ స్వెటర్ అల్లుతోంది. ఓటింగ్ అనగానే సూదులు ఒళ్లో పెట్టి, మీట నొక్కి, మళ్లీ అల్లిక అందుకునేది.

మధ్యాహ్నం కింది క్యాంటీన్‌లో ఆవిడే నా బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. టీ పేరుతో నాకిచ్చిన వేడినీళ్ల సంగతి వదిలేద్దాం. ఆవిడ రిటైరైన టీచరట. నేనూ బడిపంతుల్నే కాబట్టి మాటలు కలిశాయి. అలవాటు కొద్దీ జీతమెంతని అడిగేశాను.

"రెండేళ్లకి 200 డాలర్లు."

తప్పుగా విన్నాననుకున్నాను. కాదు. 1889లో రాజ్యాంగంలోకి ఎక్కించిన అంకె, ఈనాటికీ మారలేదు. దారి ఖర్చులు వేరే ఇస్తారు. సొంత ఆఫీసు లేదు, పీఏ లేడు. ఫైళ్లన్నీ కారు డిక్కీలోనే. ఏ బిల్లయినా సరే బహిరంగంగా విచారించాల్సిందేనట. గులాబీ చీటీ నింపి ఇస్తే ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. గులాబీ అనగానే మా ఊరి కండువాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. గవర్నరుకీ పదవి రెండేళ్లే. ముఖ్యమైన నియామకానికైనా, పెద్ద కాంట్రాక్టుకైనా ఐదుగురు సభ్యుల కౌన్సిల్ సరేననాలి.

ముచ్చటగానే ఉంది. కానీ రోజుకూలీ మీద బతికేవాడు ఈ జీతానికి ఇక్కడికొచ్చి కూర్చోగలడా? అదే అడిగాను. "రాలేడు. అందుకే మాలో ఇన్ని తెల్లజుట్లు," అంది.

తర్వాత ఆవిడ వంతు. "మీ సభ్యుడి ఇంటి ఫోన్ నంబరు మీ దగ్గరుందా?"

"పీఏ నంబరుంది," అన్నాను. అదీ పాతదే.

ఇంతలో గంట మోగింది. సగం మిగిలిన శాండ్‌విచ్‌ని కాగితంలో చుట్టి, అల్లిక సంచిలో పెట్టుకుని, రెయిలింగ్ పట్టుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయింది.